చెప్పినవాళ్ల మాట, రాసుకున్నవాడి కాగితం

ఆఫ్రికా చరిత్ర మీద, అక్కడి జనజీవనం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పండితుడు కన్నుమూస్తే ఇంట్లో మిగిలేవి అచ్చయిన పుస్తకాలొక్కటే కావు. ఊరూరా తిరిగి రాసుకున్న నోటుపుస్తకాలు, వంశావళులు, సగంలో వదిలేసిన వ్యాసాలు, ఉత్తరాలు, టేపులు, వెనక పెన్సిలుతో పేర్లు రాసిన ఫొటోలు కట్టలు కట్టలుగా బయటపడతాయి. వీటన్నిటినీ కలిపి ఆయన వ్యక్తిగత భాండారం అంటారు. రసాయన శాస్త్రవేత్త నోటుపుస్తకంలో ఉండేది చాలావరకు అతని సొంత పరిశీలన. ఇక్కడ సంగతి వేరు. కాగితం పండితుడిది, చేతిరాత పండితుడిది, మాట మాత్రం ఇంకెవరిదో. అది ఒక పశుల కాపరి చెప్పింది కావచ్చు, రాజాస్థానంలో కర్మకాండ నడిపించిన పెద్ద చెప్పింది కావచ్చు, జైలు నుంచి తెచ్చి కూర్చోబెట్టిన ఖైదీ చెప్పింది కావచ్చు. కనుక బీరువాలు, చెదమందు సమకూర్చుకుంటే ఈ భాండారాన్ని కాపాడినట్టు కాదు. ఒకరు నమ్మి చెప్పిన మాటను మరొకరు కాగితం మీద పెట్టాక దాని మీద అధికారం ఎవరికి ఉంటుంది? చెప్పినవాడు పెట్టిన షరతు అతను పోయాక కూడా చెల్లుతుందా? కాగితం మిగిలితే జ్ఞానం మిగిలినట్టేనా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ధర్మశాస్త్రంలోకీ తత్త్వశాస్త్రంలోకీ దిగక తప్పదు.

మాలి దేశపు పండితుడు అమదూ హంపాటే బా జీవితంలో ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఆయన 1900 ప్రాంతంలో బందియాగరా పట్టణంలో ఒక ఫుల్బే కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు రాత్రిపూట పెద్దల సభలో కూలెల్ అనే కథకుడు చెప్పే కథలు విని, మర్నాడు తోటిపిల్లలకు అప్పజెప్పేవాడు. అందుకే ఆయనకు చిన్న కూలెల్ అన్న అర్థంలో అమ్‌కూలెల్ అనే ముద్దుపేరు వచ్చింది. ఖురాన్ చదువు తియెర్నో బొకర్ అనే సూఫీ గురువు దగ్గర సాగింది. 1912లో ఫ్రెంచి అధికారులు ఊరి ప్రముఖుల పిల్లలను బలవంతంగా సర్కారు బడికి పట్టుకుపోయినప్పుడు వాళ్లలో ఈ కుర్రవాడూ ఉన్నాడు. పై చదువుకు గొరే దీవికి వెళ్లనన్నందుకు శిక్షగా, ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగే తాత్కాలిక రాతగాడి ఉద్యోగమిచ్చి దూరాన ఉన్న వగడుగుకు పంపారు. ఒక చెవితో గురువు మాట, మరో చెవితో దొరగారి హుకుం వింటూ పెరిగిన ఈ గుమాస్తా ఎక్కడికి బదిలీ అయినా అక్కడి ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు.

గురువు తియెర్నో బొకర్ గ్రంథమేదీ రాయలేదు. ఆయన బోధ అంతా ఫుల్బేల భాష అయిన ఫుల్ఫుల్దేలో, నోటిమాటగానే నడిచింది. ఆయన తిజానీ సూఫీ మార్గంలోవాడు. ఆ మార్గంలో జపం ఎవరి దగ్గర తీసుకున్నావు, ఆయన ఎవరి దగ్గర తీసుకున్నాడు అన్న పరంపరే అసలు ప్రమాణం. ఒకానొక ప్రార్థనను పదకొండుసార్లు జపించాలా, పన్నెండుసార్లా అన్న తగాదా పశ్చిమాఫ్రికాలో ఊళ్లను చీల్చిందంటే బయటివాళ్లకు వింతగా తోస్తుంది. మూలపురుషుడి నుంచి వచ్చిన సంఖ్య పదకొండేనని న్యోరో పట్టణపు షేక్ హమాల్లా అనుచరులు వాదించారు. పెద్ద కుటుంబాలు పన్నెండు దగ్గర నిలిచాయి. ఫ్రెంచి ప్రభుత్వం పన్నెండును విధేయతకు గుర్తుగా, పదకొండును తిరుగుబాటుకు గుర్తుగా లెక్కగట్టింది. 1937లో తియెర్నో బొకర్ న్యోరో వెళ్లి హమాల్లాను కలిసి పదకొండు వైపు మారాడు. బంధువులు వెలివేశారు, బడి ఖాళీ అయింది, 1940లో ఆయన కన్నుమూశాడు. హమాల్లాను ప్రభుత్వం 1941లో దేశం దాటించింది. రెండేళ్లు తిరక్కుండానే ఫ్రాన్సులోని మోంలూసోంలో ఆయన మరణించాడు. జపమాలలోని పూస గురించి జరిగిన తగాదాలో అందరూ నిజానికి అడిగింది ఒకటే: నువ్వు చెబుతున్నది నీకెవరు చెప్పారు? భాండారాలు చూసుకునేవాడు ఏ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నా అడగవలసిందీ ఇదే.

హమాల్లా అనుచరుడన్న ముద్ర హంపాటే బా మీద కూడా పడింది. అధికారుల అనుమానం ముదురుతున్న రోజుల్లో, 1942లో, డకార్‌లోని ఫ్రెంచి ఆఫ్రికా పరిశోధన సంస్థ ఇఫాన్‌ను నడుపుతున్న తియొడోర్ మోనో ఆయనను తన సంస్థలోకి తీసుకున్నాడు. అప్పటిదాకా గుమాస్తా సొంత ఆసక్తితో చేసిన పని ఉద్యోగంగా మారింది. మాసినా ఫుల్బే రాజ్య చరిత్ర కోసం పదిహేనేళ్లపాటు వెయ్యిమంది దాకా చెప్పినవి సేకరించినట్టు ఆయనే తరవాత రాశాడు. ఆ చరిత్ర ఝాక్ దాజే సహరచయితగా 1955లో వెలువడింది. అచ్చయింది ఒక్క సంపుటం. వెయ్యిమంది చెప్పిన మాటల్లో అందులోకి ఎక్కనివి కాగితాల్లో ఉండిపోయాయి. ఒకే యుద్ధాన్ని గెలిచినవాడి మనవడు ఒక రకంగా, ఓడినవాడి మనవడు ఇంకో రకంగా చెప్పినప్పుడు రచయిత ఒకదాన్ని ఎంచుకుంటాడు, రెండోది కట్టలో పడి ఉంటుంది. పుస్తకం రచయిత తీర్పు అయితే భాండారం సాక్షుల వాఙ్మూలం. తీర్పును మళ్లీ విచారించాలంటే వాఙ్మూలాలు ఉండి తీరాలి.

మాలి స్వతంత్రమైన 1960లోనే హంపాటే బా పారిస్‌లో యునెస్కో మహాసభలో మాట్లాడాడు. ఆఫ్రికాలో ఒక వృద్ధుడి మరణం ఎవరూ తెరిచి చూడని గ్రంథాలయం తగలబడిపోవడంతో సమానమన్న భావం అక్కడినుంచే లోకమంతా పాకింది. ఇప్పుడది సామెత అయిపోయి ఉపన్యాసాలకు అలంకారంగా మిగిలింది. ఆరోజు ఆయన అడిగింది మాత్రం చాలా నిర్దిష్టమైనది: చెప్పగలవాళ్లు బతికుండగానే వెళ్లి వాళ్ల మాటలు భద్రపరచడానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. అయితే ఆ మాటలో ఒక చిక్కుంది. వృద్ధుడు గ్రంథాలయమైతే, అతని మాటలు రాసుకున్న కాగితాలు ఏమిటి? రాసుకోవడంతో గ్రంథాలయం నిలబడిపోతుందా?

నిలబడదనే హంపాటే బా రచనలు సూచిస్తాయి. జోసెఫ్ కి-జెర్బో సంపాదకత్వంలో యునెస్కో ప్రచురించిన ఆఫ్రికా చరిత్ర మొదటి సంపుటంలో ఆయన మౌఖిక సంప్రదాయం మీద పెద్ద అధ్యాయం రాశాడు. బంబారా సమాజంలో జేలీలనే వంశపారంపర్య గాయకులకు కథను అలంకరించి చెప్పే స్వేచ్ఛ ఉంది. దొమా అనే జ్ఞానికి లేదు. అతను అబద్ధమాడితే తను నిర్వహించే కర్మ చెడుతుంది, పరంపర తెగుతుంది. పొరపాటు దొర్లిందని తెలిస్తే నలుగురిలో ఒప్పుకోవాలి. అంటే ఇక్కడ జ్ఞానానికి హామీ చెప్పే మనిషి నడవడి నుంచి వస్తుంది. కాగితానికి నడవడి లేదు. అది శిష్యుడి మొహం చూసి ఇతనికి ఇప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచించదు, ఎవరు తెరిస్తే వాళ్లకు ఒకే మాట చెబుతుంది. అందువల్ల భాండారాన్ని జ్ఞానమని పిలవడం అతిశయోక్తి. అది జ్ఞానానికి సాక్ష్యం. ఇది చిన్న తేడా కాదు. సాక్ష్యం విలువంతా ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో చెప్పారన్న వివరంలోనే ఉంటుంది. ఆ వివరం చెరిగిపోతే మిగిలేది ఊరూపేరూ లేని వదంతి.

తియెర్నో బొకర్ బోధల విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1933లో హంపాటే బా ఆరు నెలలు సెలవు పెట్టి గురువు దగ్గర గడిపి ఆయన మాటలు రాసుకున్నాడు. వాటి ఆధారంగా 1957లో ఒక పుస్తకం వచ్చింది. సహరచయిత మార్సెల్ కార్దేర్ ఫ్రెంచి ప్రభుత్వంలో ముస్లిం వ్యవహారాలు చూసే అధికారి. అరబ్బు దేశాల్లో చదువుకుని వచ్చిన సంస్కరణవాదుల బడులు అప్పుడు ప్రభుత్వాన్ని కలవరపెడుతున్నాయి. స్థానిక భాషలో, శాంతంగా బోధించిన ఒక సూఫీ గాథ పాలకులకూ అక్కరకొచ్చేదే. 1980లో హంపాటే బా అదే గురువు జీవితాన్ని విస్తరించి, తన ఒక్కడి పేరుతో మళ్లీ ప్రచురించాడు. రెండు పుస్తకాలూ ఒకేలా లేవు. ఈ రెంటిలో గురువు గొంతు ఎంత, శిష్యుడి గొంతు ఎంత, అధికారి అవసరం ఎంత? లూయీ బ్రెన్నర్ 1984లో తియెర్నో బొకర్ మీద రాసిన అధ్యయనం ఈ చిక్కుముడితోనే కుస్తీ పట్టింది. గురువు రాయలేదు, విన్నవాళ్లు పోయారు. ఇక విచారణకు ఆధారం శిష్యుడి చేతిరాత కాగితాలే, అవి ఎంత మిగిలితే అంత. భక్తితో ఈ ప్రశ్నను పక్కన పెట్టడం తేలిక. కానీ పరంపర గురించి పదకొండా పన్నెండా అని అంతగా పట్టించుకున్న గురువు విషయంలో, ఆయన మాటల పరంపరను పట్టించుకోకపోవడమే అపచారం.

హంపాటే బా 1962 నుంచి 1970 దాకా యునెస్కో కార్యనిర్వాహక మండలిలో ఉండి, ఆ తరవాత ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో స్థిరపడి, చివరిదాకా కాగితాలు సర్దుకుంటూ, జ్ఞాపకాలు రాసుకుంటూ గడిపాడు. 1991 మే 15న అక్కడే మరణించాడు. బాల్యస్మృతుల సంపుటం ఆ ఏడాదే వచ్చింది. రెండో సంపుటం 1994లో, ఆయన రచనల బాధ్యత మోసిన ఎలెన్ హెక్‌మాన్ పూనికతో వెలువడింది. ఈ భాండారానికి పట్టిన పెద్ద అదృష్టం ఏమిటంటే, యజమాని బతికుండగానే జాబితా తయారుకావడం. ఫుల్ఫుల్దే పండితుడు అల్ఫా ఇబ్రాహీం సో 1969లో అబిజాన్‌లో కూర్చుని కాగితాలను వరుసగా నమోదు చేశాడు. ఆ జాబితా మరుసటేడు పారిస్‌లో అచ్చయింది. ఇది ఎవరి పద్యం, ఏ ఊరిది, ఎప్పుడు విన్నారు అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఇంకా ఉన్నాడన్నమాట. చాలామంది పండితుల విషయంలో జాబితా పని అంత్యక్రియల తరవాతే మొదలవుతుంది. అప్పటికి అడగడానికి ఎవరూ ఉండరు.

ఇలాంటి జాబితా రాయడంలో చిల్లర తిప్పలు బోలెడు. కాగితాలు మూడు రకాల రాతల్లో ఉంటాయి: ఫ్రెంచి, అరబ్బీ, అరబ్బీ లిపిలో రాసిన ఫుల్ఫుల్దే. వాటికితోడు 1966లో బమాకో సమావేశం ఆఫ్రికా భాషలకు ఒక ఉమ్మడి రోమన్ లిపి పద్ధతిని సిఫారసు చేసింది. అందులో హంపాటే బా పాత్ర ఉంది. ఫలితంగా ఒకే గురువు పేరు ఫ్రెంచి పద్ధతిలో టి అక్షరంతో, కొత్త పద్ధతిలో సి అక్షరంతో మొదలవుతుంది. అకారాది వరుసలో ఒకే మనిషి రెండుచోట్ల తేలతాడు. ఫుల్ఫుల్దే రాని గుమాస్తా వాళ్లిద్దరినీ వేర్వేరు గురువులుగా నమోదు చేస్తే, ఆ తప్పు మీద ఇంకో యాభై ఏళ్లు పరిశోధనలు నడుస్తాయి. ఇక కాగితాల వరుస విషయానికొస్తే, ఒకరి కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదన్న సూత్రం ఫ్రెంచి ఆర్కైవ్సులో 1841 నుంచి ఉంది. పండితుడు ఒక వంశావళి పక్కన ఒక ఉత్తరం పెట్టుకున్నాడంటే దానికో కారణం ఉంటుంది. శుభ్రం చేయబోయి అంశాలవారీగా విడదీస్తే ఆ కారణం పోతుంది. ఇంట్లో పెద్దాయన పోగానే గది సర్దేద్దామని ఉత్సాహపడే బంధువుల వల్ల జరిగే నష్టం చెదల వల్ల జరిగేదానికి ఏమీ తీసిపోదు.

బందియాగరాకు దగ్గర్లోనే, ఆ ఊరి పేరే ఉన్న కొండచరియ మీద ఉన్న సంగా గ్రామాల్లో మరో భాండారం పుట్టింది. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్ డకార్ నుంచి జిబూతీ దాకా 1931-33లో నడిపించిన యాత్రలో డోగోన్ జనాన్ని మొదటిసారి చూశాడు. 1946లో ఒగొతెమ్మేలి అనే అంధుడైన వృద్ధ వేటగాడు దుబాసీ సాయంతో ముప్పైమూడు రోజులపాటు ఆయనకు డోగోన్ సృష్టిగాథ వివరించాడు. 1948లో వచ్చిన ఆ సంభాషణల పుస్తకం, ఆఫ్రికాకూ ఒక సంపూర్ణ తత్త్వదర్శనం ఉందని యూరప్‌కు చాటింది. డోగోన్ జనం మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బేక్, ఆ సృష్టిగాథ తనకు అక్కడ కనిపించలేదని 1991లో రాశాడు. పట్టుబట్టి అడిగే తెల్లదొర, కాదనడం మర్యాద కాదనుకునే పెద్దలు, మధ్యలో దుబాసీ కలిసి దాన్ని అల్లారని ఆయన అనుమానం. అది గూఢవిద్య, అందరికీ చెప్పరు అని గ్రియోల్ పక్షంవాళ్ల జవాబు. ఈ వివాదంలో పుస్తకం మీద పుస్తకం రాసి లాభం లేదు. ఒక మాట ముందు ఒగొతెమ్మేలి నోట వచ్చిందా, గ్రియోల్ ప్రశ్నలోనే ఉందా అన్నది తేల్చాలంటే క్షేత్రంలో రాసుకున్న కాగితాలు చూడాలి. గ్రియోల్ కాగితాలు పారిస్ శివారు నాంతేర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పండితుడికి అప్రతిష్ఠ తెచ్చే పేజీలను కూడా పారేయకూడదనడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ అక్కర్లేదు. అక్కడ పరీక్షకు నిలబడుతున్నది గ్రియోల్ ఒక్కడే కాదు, డోగోన్ తత్త్వం ఏమిటన్న ప్రశ్న కూడా.

ఇంతవరకు వాదన దాచడం వైపే మొగ్గింది. అసలు కష్టం రహస్యం దగ్గర మొదలవుతుంది. చెప్పినవాడు షరతు పెట్టి చెప్పినప్పుడు భాండారం ఏం చేయాలి?

హంపాటే బా రాసిన వాంగ్రిన్ కథ దీనికి చక్కని నమూనా. ఫ్రెంచి కార్యాలయాల్లో దుబాసీగా ఉంటూ దొరలనూ ప్రజలనూ ఇద్దరినీ బురిడీ కొట్టించి కోట్లకు పడగలెత్తి, చివరికి అన్నీ పోగొట్టుకున్న ఒక మనిషి 1927లో తన జీవితమంతా ఈ గుమాస్తాకు చెప్పుకున్నాడు. చదివినవాళ్లు నవ్వుకోవాలి, నేర్చుకోవాలి, అసలు పేరు మాత్రం వాడకూడదు అన్నాడు. పుస్తకం 1973లో వచ్చింది. నలభై ఆరేళ్ల తరవాత కూడా రచయిత మారుపేరే వాడాడు. ఆ తరవాత పరిశోధకులు అసలు పేరు పట్టుకున్నారు. ఇక్కడ వాగ్దానం ఒక వ్యక్తి మరో వ్యక్తికి చేసినది. మాట ఇచ్చినవాడు నిలబెట్టుకున్నాడు. కాగితాల్లో అసలు పేరు ఉంటే గ్రంథాలయం కూడా ఆ మాటకు కట్టుబడి, కనీసం వారసుల కాలం గడిచేదాకా ఆ పుటలను మూసి ఉంచడం న్యాయం.

రువాండాలో కథ వేరు. రాజ్యాభిషేకం, కరువు, యుద్ధం వంటి సందర్భాల్లో రాజు జరపవలసిన కర్మకాండ పాఠం ఉబ్వీరు. దాన్ని అబీరు అనే పెద్దలు తరతరాలుగా కంఠస్థం చేసి, రహస్యంగా కాపాడారు. కతోలిక మతగురువు, చరిత్రకారుడు, తత్త్వవేత్త అయిన అలెక్సీ కగామె రాజు ముతారా రుదహిగ్వ కాలంలో ఆ విషయం మీద పనిచేసి, దాని స్వరూపాన్ని 1947లో ఒక వ్యాసంలో వివరించాడు. 1961లో రాజరికం పోయింది. 1964లో బెల్జియం పండితులు మార్సెల్ డెర్తెఫెల్ట్, ఆంద్రే కుపే ఆ కర్మకాండ పాఠాలనే అనువాదంతో సహా ప్రచురించారు. అబీరులు ప్రమాణం చేసింది సింహాసనానికి. సింహాసనమే లేనప్పుడు ప్రమాణం ఎవరికి? రాజుతోపాటే రహస్యానికి కాలం చెల్లిందనడంలో తర్కం ఉంది. ఆ పాఠం అచ్చు కాకపోతే అబీరులతోపాటే మాసిపోయేదన్నదీ నిజం. కానీ ఆ తీర్పు చెప్పవలసింది రువాండా ప్రజలా, బ్రస్సెల్స్ పక్కన ఉండి దాన్ని అచ్చువేసిన మ్యూజియమా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

మూడో రకం షరతు బతికున్న మతానికి సంబంధించింది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పియేర్ వెర్జే 1953లో ఇప్పటి బెనిన్‌లోని కేతూలో యోరుబా జనపు ఇఫా జోస్య విద్యలో దీక్ష తీసుకుని ఫాతుంబి అనే పేరు పొందాడు. బ్రెజిల్‌లోని సాల్వడోర్‌లో ఉన్న ఆయన ఇల్లే 1988లో ఆయన పేరిట ఏర్పడిన సంస్థకు నిలయమైంది. అక్కడ అరవైరెండు వేల దాకా నెగెటివ్‌లు, వాటితోపాటు ఆయన కాగితాలు ఉన్నాయి. ఇఫా పూజారి కాకపోతే ఆయనకు మందులకూ కర్మలకూ వాడే ఆకుల పేర్లు, వాటితో చదవవలసిన మాటలు తెలిసేవి కావు. పూజారి అయినందువల్లే వాటి విషయంలో ఆయనకు బాధ్యతా వచ్చింది. 1995లో ఆయన వాటిలో చాలాభాగం పుస్తకంగా వేశాడు. గురుముఖతా రాని మంత్రం ఫలించదని తెలుగునాట నమ్మేవాళ్లకు యోరుబాల వాదన తేలిగ్గా అర్థమవుతుంది: అర్హుడు నోటితో పలికితేనే మాటకు శక్తి, అచ్చులో అది నిద్రపోతూ ఉంటుంది. ఈ నమ్మకం ఒక రకంగా గ్రంథాలయానికి ఊరటనిస్తుంది. దాచిన కాగితం వల్ల రహస్యం పూర్తిగా బయటపడదు. అయినా ఆ మతాన్ని ఇప్పటికీ ఆచరిస్తున్నవాళ్లు ఉన్నప్పుడు ఏది తెరవాలి, ఏది మూయాలి అన్నది వాళ్లను అడక్కుండా తేల్చడం దబాయింపే.

అలాంటప్పుడు కాల్చేస్తే సరిపోదా? జీవిత చివర్లో తన పుస్తకాలను తానే తగలబెట్టుకున్న అబూ హయ్యాన్ అల్ తౌహీదీ వంటివారు ఇస్లామిక విద్వత్ చరిత్రలో ఉన్నారు. తన మాటలను తాను చెరిపేసుకునే హక్కు రచయితకు ఉందని చాలామంది ఒప్పుకుంటారు. మానవశాస్త్రవేత్త బ్రొనిస్లా మలినోవ్‌స్కీ పసిఫిక్ దీవుల్లో రాసుకున్న ఆంతరంగిక డైరీని ఆయన చనిపోయిన పాతికేళ్లకు, 1967లో, భార్య అచ్చువేయించినప్పుడు శిష్యుల్లో కొందరు నొచ్చుకున్నారు. దీవివాసుల మీద ఆయన విసుగు, చిరాకు అందులో దాపరికం లేకుండా ఉన్నాయి. అది ఆయన సొంత మనసు కాబట్టి కనీసం ఆ బాధకు అర్థముంది. వెయ్యిమంది చెప్పిన మాసినా చరిత్ర విషయంలో ఆ హక్కు పనిచేయదు. రాసుకున్నవాడు ఆ మాటలకు ధర్మకర్త మాత్రమే, ధర్మకర్తకు ఆస్తిని అన్యాక్రాంతం చేసే అధికారం ఉండదు. కనుక మూసి ఉంచవచ్చు, తాళం వేయవచ్చు, గడువు పెట్టవచ్చు. నాశనం చేయడం మాత్రం, షరతు అలాగే పెట్టి ఉంటే తప్ప, కుదరదు.

నాశనం చేయకూడదంటే, కాగితాలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వస్తుంది. మలినోవ్‌స్కీ లండన్ సెమినార్‌లో ఆఫ్రికా మీద పనిచేసే యువకులతోపాటు కూర్చున్నవారిలో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఒకరు. తరవాత హైదరాబాద్ సంస్థానంలో చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాద్ గోండులను అధ్యయనం చేసింది ఆయనే. ఆయన ఫొటోలు, ఫిల్ములు, కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. మార్లవాయి గోండులు తమ తాతల ముఖాలు చూడాలంటే లండన్ తట్టు చూడాలి. బందియాగరా వాళ్లదీ ఇదే పరిస్థితి. గ్రియోల్ కాగితాలు నాంతేర్‌లో, హంపాటే బా కాగితాలు అబిజాన్‌లో. సొంత ఊరికి తిరిగి పంపాలన్న వాదన న్యాయమైనదే కానీ తేలికైనది కాదు. 2012 నుంచి ఉత్తర, మధ్య మాలి సాయుధ ఘర్షణల్లో చిక్కుకున్నాయి. 2013 జనవరిలో టింబక్టులోని అహ్మద్ బాబా సంస్థలో సుమారు నాలుగువేల రాతప్రతులు తగలబడ్డాయి లేదా మాయమయ్యాయి. అంతకుముందే అబ్దెల్ కాదర్ హైదరా వంటి గ్రంథపాలకులు ఆ ఊరి ప్రైవేటు భాండారాలనుంచి లక్షల కొద్దీ ప్రతులను ట్రంకు పెట్టెల్లో పెట్టి, రోడ్డు మీద, పడవల మీద బమాకో చేర్చారు కాబట్టి అవి దక్కాయి.

అలాగని పెద్ద విశ్వవిద్యాలయమైతే నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2021 ఏప్రిల్ 18న టేబుల్ మౌంటెన్ వాలులో అంటుకున్న కార్చిచ్చు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయపు జాగర్ పఠనమందిరాన్ని దగ్ధం చేసింది. ఆఫ్రికా అధ్యయనాల అచ్చు పుస్తకాల్లో అధికభాగం అక్కడ పోయింది. కింది అంతస్తులోని రాతప్రతుల్లో చాలావాటిని అగ్నిమాపక తలుపులు కాపాడాయి, మంటలార్పిన నీళ్లు మాత్రం లోపలికి చేరాయి. వాలంటీర్లు రోజుల తరబడి తడిసిన పెట్టెలను చేతులమీద బయటికి అందించారు. అందుకే నకళ్లు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాల్లో ఉంచడం, మూలప్రతి ఎక్కడున్నా నకలు చెప్పినవాళ్ల మనవలకు అందుబాటులో ఉంచడం అనుభవం నేర్పిన పద్ధతి. డిజిటల్ నకలుకు కూడా కాపలా కావాలి. ఫైలు తెరిచే యంత్రాలూ సాఫ్ట్‌వేర్లూ మారిపోతుంటాయి, కాబట్టి కొన్నేళ్లకోసారి కొత్త రూపంలోకి ఎక్కించాలి. మాగ్నటిక్ టేపులైతే జిగురెక్కి, వినిపించకుండానే పాడవుతాయి.

ఆ కేప్‌టౌన్ మంటల్లో క్షేమంగా బయటపడ్డవాటిలో భాషా పరిశోధకులు విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్‌ల నోటుపుస్తకాలు ఉన్నాయి. ఖామ్ జాతివాడైన కాబ్బో పశువుల దొంగతనం కేసులో శిక్షపడి కేప్‌టౌన్ రేవు జైలుకు వచ్చాడు. 1871లో బ్లీక్ అతన్ని మోబ్రేలోని తన ఇంటికి తెచ్చుకుని అతని దగ్గర భాష నేర్చుకున్నాడు. శిక్షాకాలం అయిపోయినా కాబ్బో ఇంటికి వెళ్లకుండా 1873 దాకా అక్కడే ఉండి చెబుతూ పోయాడు. తన జనం కథలు పుస్తకాల ద్వారా లోకానికి తెలుస్తాయన్న ఆలోచన అతనికి నచ్చిందని లాయిడ్ రాసిపెట్టింది. చెప్పినవాడి సమ్మతి కాగితం మీదకు ఎక్కిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. అయితే ఖైదీ ఇచ్చిన సమ్మతికి ఎంత విలువ కట్టాలన్నది తత్త్వవేత్తలు తేల్చుకోవలసిన లెక్క. శిక్ష అయ్యాక కూడా ఉండిపోయాడన్నది ఆ లెక్కలో అతని వైపు వేయాలి.

నోటుపుస్తకాల్లో ఒక వరుసలో ఖామ్ మాటలు, పక్క వరుసలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో వివరణలు, ఎవరు ఎప్పుడు చెప్పారన్న గుర్తులు ఉన్నాయి. 1875లో బ్లీక్ పోయాక లాయిడ్ పని ఆపలేదు. ఎన్నో ఏళ్లు ప్రచురణకర్తల చుట్టూ తిరిగి 1911లో కొంతభాగం అచ్చువేయించగలిగింది. ఆలోపు ఖామ్ భాష మాట్లాడేవాళ్లు కనుమరుగవుతూ వచ్చారు. ఫుల్ఫుల్దే విషయంలో కాగితం తప్పు చెబితే దిద్దడానికి కోట్లమంది ఉన్నారు. ఖామ్‌కు అలా దిద్దేవాళ్లు లేరు. 2000లో దక్షిణాఫ్రికా తన రాజచిహ్నం మీద ఆ భాషలో నినాదం పెట్టుకున్నప్పుడు ఆ మాటలకు ఆధారం ఈ పేజీలే. యునెస్కో 1997లో ఈ సేకరణను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తరవాత పేజీలన్నిటినీ డిజిటల్‌గా అందుబాటులోకి తెచ్చారు. వాటిని వెతికే పద్ధతుల్లో ఒకటి చెప్పినవాళ్ల పేర్లతో వెతకడం. బ్లీక్ పేరు, లాయిడ్ పేరు తెలియకపోయినా కాబ్బో పేరు కొడితే అతను చెప్పిన పేజీలు వస్తాయి.